రీలులో మిగిలిన ఒక్క ఫోటో

ఆదివారం పదింటికల్లా మ్యూజియంకు వెళ్లి, ఒక్క ఫోటో తీసుకుని, పదకొండుకు ఇంటికి వచ్చేయాలని లెక్కల మాస్టారి ఆలోచన. ఎనిమిది నెలల క్రితం పోయిన భార్య కెమెరాలో రీలు అలాగే ఉంది. ముప్పై ఐదు ఆమె తీసింది. ఒకటి మిగిలింది.

మ్యూజియంలో చిత్రాలను ఆమె ఉన్నవి ఉన్నట్టు తీసేది: గోడ, ఫ్రేము, ముందు నిలబడ్డవాళ్ల తలలతో సహా. “బొమ్మొక్కటే తియ్యొచ్చు కదా?” అని మాస్టారు విసుక్కునేవారు. “బొమ్మొక్కటే అయితే పుస్తకంలోనూ ఉంటుందండీ. నలుగురూ చూస్తుంటేనే దానికి కళ” అనేదామె.

అందుకే, ఆమెకిష్టమైన పడవ బొమ్మను ఆమె తీసినట్టే తీద్దామనుకున్నారు. తీరా వెళితే దాని ముందు నరమానవుడు లేడు. తలుపు దగ్గర కాపలాదారు ఒక్కడే ఉన్నాడు.

“ఏవండీ, కాస్త ఆ బొమ్మ ముందు నిలబడి చూస్తారా?”

“ఇరవై ఏళ్లుగా దానికి వీపు పెట్టే నిలబడ్డానండీ. ఇవాళ మొహం చూపించమంటారా?” అంటూనే నిలబడ్డాడు.

“మెడ కాస్త ముందుకు... ఆఁ, అర్థం కానట్టు చూడండి.”

“నిజంగానే అర్థం కాలేదండీ.”

కాపలాదారే అంత దీక్షగా చూస్తున్నాడంటే ఏదో ఉందనుకుని ఒక జంట ఆగింది. వాళ్లను చూసి ఒక కుటుంబం ఆగింది.

“ఏంటటండీ?”

“రేపు తీసేస్తారట!”

“అయితే తొయ్యకండి మరి, మేమూ చూడాలి!”

గది కిక్కిరిసింది. మాస్టారికి అలవాటు ఊరుకోనివ్వలేదు. “వరసలో నిలబడండి!” అని గద్దించారు. ఆయనే అధికారి అనుకుని అందరూ నిలబడ్డారు. వరసను చూసి ఇంకొందరు చేరారు. అది మెట్ల దాకా పాకింది.

అసలు అధికారిణి పరుగున వచ్చింది. “ఏంటండీ ఈ గోల? ఎవరైనా చెయ్యేస్తే ఎవరిది పూచీ? ముందు ఆ బొమ్మ దించండి!”

పుకారు కాస్తా నిజమైంది.

“అమ్మా, ఒక్క క్షణం! నాకున్నది ఒక్కటే...”

ఎవరిదో మోచెయ్యి తగిలింది. కెమెరా క్లిక్కుమంది.

వారం తర్వాత ఫోటోలు వచ్చాయి. కవరు విప్పడానికి మాస్టారికి చేతులు రాలేదు. కూతురే విప్పి, ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. అన్నింటిలోనూ తలలే, భుజాలే.

“మీరు తీసిందేది నాన్నా?”

కాపలాదారు టోపీ వెనక, వంకరగా, సగం తెరచాప కనపడుతున్నదాన్ని ఆయన వేలితో చూపించారు.

“ఇదా? ఇది అమ్మ తీసిందనుకున్నాను.”

మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ముప్పై ఏళ్లు పరీక్ష హాళ్లలో కాపీలు పట్టుకున్న మనిషి, కాపీ కొట్టి పాసవడం అదే మొదటిసారి.