కేదారుడు పోయిన వారం

ఆ ఆదివారానికి శారద వేసుకున్న పథకంలో ఎవరికీ అభ్యంతరం ఉండవలసింది ఏమీ లేదు. పొద్దున్నే సంత్రాగాఛి బజారుకు వెళ్ళి చేపలు తేవాలి. వాటికి ఉప్పూ పసుపూ పట్టించి పక్కన పెట్టాలి. ఆ తర్వాత 'నీలిగవ్వల రాజ్యం' కొత్త భాగం చూడాలి. అందులో కేదారుడు గండం గట్టెక్కితే పులుసు పెట్టుకోవాలి, గట్టెక్కకపోయినా పులుసే పెట్టుకోవాలి. మధ్యాహ్నం ఫోను పట్టుకుని అభిమానుల గుంపులో చేరి, అలసిపోయేదాకా వాదించాలి.

శారదకు యాభై దాటాయి. రైల్వే లెక్కల విభాగంలో ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. బదిలీ మీద కలకత్తా పక్కనున్న ఈ రైల్వే క్వార్టర్స్‌కు వచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది గ్యాస్ బండ మోసుకొచ్చే మనిషి ఒక్కడే. అతనూ కూర్చోమంటే కూర్చోడు.

'నీలిగవ్వల రాజ్యం' బొమ్మల సీరియల్. జ్వరం వచ్చి పడుకున్న రోజున ఏమీ తోచక పెట్టుకుంది, జ్వరం తగ్గింది గాని సీరియల్ వదల్లేదు. ఆ రాజ్యంలో పుట్టిన ప్రతి మనిషికీ ఒక గవ్వ ఉంటుంది. దాన్ని అయినవాళ్ళు దాచుకుంటారు. చెవి దగ్గర పెట్టుకుంటే ఆ మనిషి ఎంత దూరాన ఉన్నా ఊపిరి వినిపిస్తుంది. మనిషి పోతే గవ్వ మూగబోతుంది. దీవుల మధ్య పడవ నడిపే ముసలి కేదారుడికి మాత్రం గవ్వ లేదు, దాచేవాళ్ళు లేరు గనక. అందరినీ ఇళ్ళ దగ్గర దింపి, ఒక్కడే పడవలో కూర్చుని అన్నం తింటాడు. శారద కూడా సరిగ్గా అప్పుడే పళ్ళెం పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. ఇద్దరూ కలిసి తిన్నట్టుండేది.

అభిమానుల గుంపులో ఆమె పేరు 'గవ్వ'. అక్కడ అంతా రాతే గాని మాట లేదు కనక, ఆమె వయసు ఎవరికీ తెలియదు. ఉప్పు సముద్రం మధ్య దీవుల్లో వరి ఎలా పండుతుందని ఆ గుంపు వారాల తరబడి కొట్టుకుంది. గవ్వ లేనివాడు చనిపోతే లోకానికి ఎలా తెలుస్తుందన్నది ఇంకా పెద్ద తగువు. ఆఫీసులో రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడే శారద అక్కడ మహా పోట్లాటమనిషి. గుంపు నడిపే ప్రజ్వల్ అనే కుర్రాడు ఆమెతో ఎన్నిసార్లు ఓడిపోయాడో అతనికే తెలియదు.

ఆ ఆదివారం కేదారుడి పడవ పొగమంచులోకి వెళ్ళింది. ఒడ్డుకు పడవ ఒక్కటే వచ్చింది. తర్వాతి భాగం రెండు వారాలకని తెర మీద అక్షరాలు పడ్డాయి.

శారద ఏడ్చింది. ముందు లోలోపలే ఏడ్చింది, తర్వాత "కేదారుడా, పోయావా" అని పైకే అనేసింది. ఒంటరిగా ఉండేవాళ్ళకు పైకి అనే అలవాటు వస్తుంది. ఎవరు వింటారులే అనుకుంటారు. ఇంతలో తలుపు చప్పుడైంది.

పక్క క్వార్టర్ అన్నపూర్ణమ్మ. ఆవిడ కొడుకు గూడ్స్ బండి గార్డు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఇన్నాళ్ళూ మెట్ల దగ్గర తలలు ఊపుకోవడమే గాని ఇద్దరి మధ్యా మాటలు లేవు. ఇప్పుడు పెద్దావిడ కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"కేదారుడు పోయేడా అమ్మా?" అంది.

తన ఏడుపు గోడ దాటిందని శారదకు అర్థమయింది. యాభై దాటిన మనిషినై ఉండి బొమ్మ కోసం ఏడ్చానని ఏ నోటితో చెప్పడం? తల ఊపింది. అన్నపూర్ణమ్మ కుర్చీలో కూలబడి కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. ముక్కూ మొహం తెలియని వాడి కోసం ఈవిడ ఇంతలా ఏడవడమేమిటని శారదకు ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యం వెనకే, ఎందుకో, ప్రాణం కుదుటపడింది.

సరిగ్గా అప్పుడు కోదండం మెట్లు దిగుతున్నాడు. ఆయన క్వార్టర్స్ తెలుగు సంఘానికి కార్యదర్శి. పెళ్ళిళ్ళకు ఆలస్యంగా వెళ్తాడేమో గాని చావులకు ఎన్నడూ ఆలస్యం చేయలేదు. ఇద్దరు ఆడవాళ్ళ ఏడుపు వినేసరికి చేతిలో సంచీ మెట్ల మీదే వదిలేసి లోపలికి వచ్చాడు.

"ఎవరండీ?"

"కేదారుడు, బాబూ. పడవొక్కటీ వొచ్చింది" అంది అన్నపూర్ణమ్మ.

"నీటిగండం. శవం దొరికిందా?"

"దొరకలేదు" అంది శారద. అది నిజమే.

"మీకు ఏటవుతారు?"

"బాగా కావలసినవారు." అదీ నిజమే.

కోదండం గోడల వంక చూశాడు. ఎక్కడా పెళ్ళి ఫోటో లేదు. గొంతు తగ్గించి, "అర్థమైందండి. ఇంకేటీ అడగను" అన్నాడు. అన్నట్టే ఇంకేమీ అడగలేదు, చెప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రానికల్లా శారద పెళ్ళి ఎందుకు చేసుకోలేదో క్వార్టర్స్ మొత్తానికి తెలిసిపోయింది, శారదకు తప్ప.

ఆ రాత్రి నుంచే జనం రావడం మొదలయింది. ఒకరు చారు తెచ్చారు, ఒకరు వంకాయ కూర తెచ్చారు. బెంగాలీవాళ్ళు పళ్ళూ తెల్లటి రజనీగంధ పూలూ పట్టుకొచ్చి, "దీదీ" అంటూ చేయి పట్టుకున్నారు. ఉప్పూ పసుపూ పట్టించిన చేపల్ని శారద ఫ్రిజ్ అడుగున, కూరగాయల కింద దాచేసింది. మైలింట్లో చేపలు ఏమిటని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు.

మనసులో మాట చెప్పాలంటే, శారదకు ఆ వారం బాగుంది. ఇంట్లో కుర్చీలు చాలడం లేదు. గ్లాసులు కడగవలసి వస్తోంది. తిన్నావా అని అడిగేవాళ్ళున్నారు. అప్పుడప్పుడు స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, 'గవ్వ ఎక్కడ? గవ్వ లేకుండా ఎలా ఏడుస్తాం?' అని గుంపులో వాళ్ళు రాసినవి చదువుకుని, నిజంగానే కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చేది. అది చూసి వచ్చినవాళ్ళు ఇంకో అరగంట కూర్చునేవారు.

ఒక్కటే గుచ్చుకునేది. చావింటికి వచ్చినవాళ్ళు లేచేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనకూడదు. మాట లేకుండా లేచి, వెనక్కి చూడకుండా పోవాలి. అందరూ అలాగే పోతున్నారు. ఇన్నాళ్ళకు ఇంటి నిండా మనుషులు వచ్చారు గాని, వాళ్ళలో మళ్ళీ వస్తానని చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. నిజం చెబితే నవ్వి ఊరుకుంటారు, ఇంక రారు. చెప్పకపోతే మైల తీరిన మర్నాటి నుంచి ఎలాగూ రారు. శారద ఈ లెక్క ఎటు నుంచి వేసినా చివరికి మిగిలేది ఆమె ఒక్కతే.

ఇలా ఉండగా కోదండం సంతాప సభ అన్నాడు. వద్దంటే వినలేదు. "సభంటే పటం ఉండాలి. ఫోటో ఇవ్వండి" అన్నాడు.

"లేదండీ. ఆయన ఫోటోలు దిగేవారు కాదు."

మర్నాడు స్టేషన్ దగ్గర స్టూడియో నడిపే మిత్రాను వెంటబెట్టుకు వచ్చాడు. మిత్రా ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళ మధ్య పెరిగిన మనిషి. "ఫికర్ లేదు దీదీ. మీరు చెప్పండి, నేను కంప్యూటర్‌లో చేస్తా. గడ్డం?"

"నడుము దాకా."

"కళ్ళు?"

"ఒకటే. రెండోది యుద్ధంలో పోయింది."

"ఏ యుద్ధం?"

"పాతది."

"ఒంటి రంగు?"

"కొంచెం నీలం."

మిత్రా చేయి ఆగింది. "మరి నీళ్ళలో ఉన్నారు కదా దాదా" అని కోదండం సర్దిచెప్పాడు.

తయారైన పటానికి ఎవరికైనా దండం పెట్టబుద్ధవుతుంది. కోదండం పెట్టాడు కూడా. అన్నపూర్ణమ్మ మాత్రం తల పక్కకు వాల్చి చాలాసేపు చూసి, "గెడ్డం ఉందేటమ్మా? నేనెప్పుడూ గెడ్డం లేకుండానే అనుకున్నాను" అంది. ముసలితనమని శారద పట్టించుకోలేదు. ఆ పటంతో కథ మలుపు తిరిగింది. మొదట్లో ప్రియుడైన కేదారుడు వారం గడిచేలోగా గురువైపోయాడు. కోదండం ఆ పటాన్ని 'సంతాప సభ' అని పెద్ద అక్షరాలతో కలకత్తా తెలుగువాళ్ళ ఫోన్లన్నిటికీ పంపించాడు.

ఆదివారం సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది. పటానికి రజనీగంధ దండ, ముందు దీపం. కోదండం మైకు అందుకున్నాడు. తనకు తెలియని మనిషి గురించి సంతాపం చెప్పడం ఆయనకు నామోషీ.

"కేదార్ గారు నాకు కొత్తవారు కారండి. క్రితం సంక్రాంతికి గంగాసాగర్ మేళాలో చూసేను. ఇదే గెడ్డం, ఇదే కన్ను. నా భుజం మీద చెయ్యేసి, కోదండం, నీకు ఢోకా లేదన్నారు."

శారద తలెత్తి పటం వంక చూసింది. తన చిన్న అబద్ధం ఇప్పుడు ఇతరుల భుజాల మీద చేతులు వేస్తోంది. ఇంక ఊరుకుంటే గుడి కట్టేలా ఉన్నారు. లేచి మైకు దగ్గరికి నడిచింది. నవ్వితే నవ్వుతారు, పోతే పోతారు అనుకుంది.

"ఒక నిజం చెప్పాలి. కేదారుడు అసలు మనిషి కాదండీ."

"దేవుడు" అన్నాడు కోదండం, చేతులు జోడించి.

"కాదండీ. బొమ్మ."

"మనందరం బొమ్మలమే తల్లీ" అన్నారు వెనక వరుసలో ఎవరో. హాలు తలలూపింది.

అప్పుడు తలుపు దగ్గర కలకలం రేగింది. మెడల్లో గవ్వల దండలు వేసుకుని అరడజను మంది కుర్రవాళ్ళు వచ్చారు. ముందున్నవాడి భుజం మీద నీలం రంగు వేసిన తెడ్డు ఉంది. వాడు పటం చూసి, మైకు దగ్గరున్న ఆమెను చూసి ఆగాడు.

"నేను ప్రజ్వల్‌ని. సాల్ట్ లేక్‌ల సాఫ్ట్‌వేర్ జాబ్. ఈ ఫోటో మా ఆఫీస్ తెలుగోళ్ళ గ్రూప్‌ల వచ్చింది. మన కేదారుడికి ఇంత పెద్ద సభ ఎవరు పెట్టిన్రా అని ఉరికొచ్చినం. మీరు... గవ్వ అక్కనా?"

శారద అవునంది. ప్రజ్వల్ ఆమె నెరిసిన జుట్టు చూసి, తెడ్డు దించి, "ఇన్ని దినాలు మీతోనే కొట్లాడిన్నా మేడం?" అన్నాడు.

వాడి పక్కనున్న మౌక్తిక అనే అమ్మాయి ఫోనులో సీరియల్ పెట్టి ముందు వరుసకు చూపించింది. పడవ, గడ్డం, ఒంటికన్ను, నీలం రంగు. ముందు మిత్రా నవ్వాడు. నవ్వు వరుస తర్వాత వరుసగా వెనక్కి పాకింది. "బొమ్మల సీరియల్ కోసమేటండీ నేను హాల్ మాట్లాడింది?" అన్నాడు కోదండం. "సాగర్‌లో చూశారు కదా దాదా" అన్నాడు మిత్రా. కోదండం మొహం కందిపోయింది. జనం కుర్చీలు వెనక్కి జరిపి లేస్తున్నారు. శారద మైకు పట్టుకుని అలాగే నిలబడింది. రేపటి నుంచి మళ్ళీ గ్యాస్ బండ మనిషే. అతను కూడా నవ్వుతాడు.

"ఎందుకేటి నవ్వుతారు?"

అన్నపూర్ణమ్మ లేచింది. కర్ర పట్టుకుని మైకు దాకా వచ్చింది.

"నాకు ముందే తెలుసు. మా ఇంటి గోడవతల ఆ టీవీ మోగుద్ది. రెండేళ్ళబట్టి ఆదివారం నేనూ గోడకి కుర్చీ వేసుకుని వింటన్నాను. బొమ్మలని తెలీదు గాని, కథని తెలుసు. కేదారుడంటే మా ఆయన లాగుంటాడనుకున్నాను. అందుకే గెడ్డం చూసి ఆశ్చర్యపోయేను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?" అంది శారద.

"నువ్వు నీ ఫ్రిజ్‌లో చేపల సంగతి చెప్పేవా? నేనడిగేనా? నలుగురూ వొస్తన్నారు, నీతో పాటు నాకూ పొద్దు గడుస్తంది. ఊరుకున్నాను." తర్వాత కుర్రవాళ్ళ వైపు తిరిగింది. "అయినా కేదారుడు పోలేదర్రా. ఆ వేళ నేనూ ఏడ్చేను గాని, మర్నాడు మళ్ళీ టీవీ పెట్టింది కదా ఈ అమ్మాయి, అప్పుడు సరిగ్గా విన్నాను. పడవ ఒడ్డుకి తగిలిన చప్పుడు అయిపోయినాక కూడా దూరంగా తెడ్డు చప్పుడు వినబడింది. మీరంతా చూస్తారు. నేను వింటాను."

మౌక్తిక ఆ చివరి భాగం పెట్టి ఫోను మైకుకు ఆనించింది. పడవ ఇసుకను ఒరుసుకున్న చప్పుడు వచ్చింది. గాలి. తర్వాత ఎక్కడో దూరాన, నీళ్ళ మీద తెడ్డు పడిన చప్పుడు, కాస్త ఆగి మళ్ళీ ఒకసారి. ప్రజ్వల్ కింద కూర్చుండిపోయాడు.

లేచినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ కూర్చున్నారు. పడవ లేకుండా తెడ్డు ఎవరు వేస్తున్నారని ఒకరు, రెండో పడవ ఉండి ఉంటుందని ఒకరు. మంచుకు అవతలి సముద్రం గురించి మిత్రాకు కూడా ఒక అభిప్రాయం ఏర్పడింది. శారద వాళ్ళందరితో పోట్లాడింది. ఈసారి నోటితో.

ఆ రాత్రి అన్నపూర్ణమ్మ శారద ఇంట్లో కాఫీ తాగింది. చేపలు పాడైపోయాయని ఇద్దరూ కాసేపు విచారించారు. పెద్దావిడ కర్ర అందుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తానమ్మా. ఆదివారం గోడ ఇవతలే కూచుంటాను, ఓ కుర్చీ ఉంచు."

శారదకు తలుపు వేయబుద్ధి కాలేదు. వేసిన తర్వాత కూడా తలుపుకు ఆనుకుని చాలాసేపు నిలబడింది. మైలలో ఏడ్చినదాని కన్నా అప్పుడే ఎక్కువ ఏడ్చింది.

గుంపులో తగువు ఇంకా తెగలేదు. తెడ్డు చప్పుడు అలది కావచ్చని కొందరు కొట్టిపారేశారు కనక, కేదారుడు బతికే ఉన్నాడనడానికి ప్రస్తుతానికి కళ్ళారా చూసిన సాక్షి కోదండం గారొక్కరే.