పోలిక గవరయ్య

ఉపాధి పథకం వల్ల మేలు ఎంత జరిగిందో లెక్క తేల్చడానికి, జూటు మిల్లు మూతపడి పని పోయిన గవరయ్యను అధికారులు ఇద్దర్ని చేశారు. నొప్పేమీ లేదు. ఒంటిమీద చొక్కా ఒకటే ఉంది కనక రెండోవాడికి ఆఫీసువాళ్లే ఒకటిచ్చి సంతకం పెట్టించుకున్నారు.

మొదటివాడు లబ్ధి గవరయ్య. శిక్షణ, బస్సు పాసు, మధ్యాహ్నం భోజనం అతనివి. రెండోవాడు పోలిక గవరయ్య. అతనికి ఎవరూ ఏ సాయమూ చెయ్యకూడదు. ఫలానా చోట పని ఉందని పెళ్లాం చెప్పినా పోలిక చెడిపోతుంది. గడువు తీరాక ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, లబ్ధిలోంచి పోలికను తీసేస్తారు. మిగిలినవాడు పథకం ఫలితం. అతన్ని ఇంటికి పంపేస్తారు.

పోలిక గవరయ్యకు ఇంట్లో ఊపిరాడలేదు. భార్య నూకరత్నం పిల్లలతో పాటు ఇద్దరికీ సమానంగానే వడ్డించేది గానీ, పని మాటొస్తే నోరు నొక్కుకునేది. శిక్షణలో ఏం చెబుతున్నారని అడిగితే లబ్ధి గవరయ్య కూడా మొహం తిప్పుకున్నాడు. తనకు తానే పరాయివాడైపోవడం పాపం అతన్ని బాగా కుంగదీసింది. అయినా కాళ్లరిగేలా తిరిగి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే పని సంపాదించాడు. లబ్ధి గవరయ్యకు మాత్రం ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో తప్ప ఇంకేమీ అబ్బలేదు.

సంగతి తెలిసి మూల్యాంకన అధికారి విశ్వంభరరావు స్వయంగా ఇంటికొచ్చాడు. సాయం లేనివాడికే పని దొరికిందని తేలితే పథకం ఎత్తేస్తారనీ, శిక్షణ కేంద్రంలో మాస్టర్లూ వంటవాళ్లూ అందరూ రోడ్డున పడతారనీ మెల్లగా చెప్పాడు. బలవంతమేమీ చెయ్యలేదు. మిల్లు గేటుకు తాళం వేసిన పొద్దున అక్కడ నిలబడ్డవాళ్ల మొహాలు పోలిక గవరయ్య కళ్లముందు మెదిలాయి.

“నా ఒక్కడి పని కోసరం అంతమంది పొట్ట కొట్టనేను బాబూ” అన్నాడు. మర్నాటినుంచి ఐసు ఫ్యాక్టరీకి వెళ్లలేదు.

గడువు తీరింది. పని లేనివాడిలోంచి పని లేనివాణ్ని తీసేశారు. రెండు కుర్చీలూ ఖాళీ అయ్యాయి. ఊళ్లో నిరుద్యోగి ఒకడు తగ్గాడని పైకి రాసి, పథకాన్ని మరో అయిదేళ్లు పొడిగించారు.

నూకరత్నం ఆఫీసుకొచ్చి మొగుడేడని అడిగింది. తేడా ఏమీ రాలేదని విశ్వంభరరావు విచారంగా చెప్పి, ఇంటిపెద్ద లేడు కనక ఇకమీదట పథకంలో చేరడానికి ఆమెకూ అర్హత ఉందన్నాడు. ఆమె గోడకు జారబడి చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లైన్లో నిలబడింది.

వంతు వచ్చాక ఒక్కటే అడిగింది.

“నన్నిద్దర్ని సేసినాక, పిల్లలకి వొండడానికి ఒకర్తినైనా ఇంటికాడ ఉండనిస్తారా బాబూ?”

పోలికావిడను ఉంచుకోవచ్చని ఆయన చెప్పాడు. నూకరత్నం దండం పెట్టి వేలిముద్ర వేసింది.