తణుకు సిద్ధాంతిగారిపై ఒక సమీక్ష

ఇప్పుడంటే అరచేతిలో ఇంటర్నెట్టు. రెండు వేల మూడులో, ఇంగ్లండులో లీడ్స్‌లోని సుబ్బరాజు ఇంట్లో ఇంటర్నెట్టు తెరవాలంటే ముందు భార్య ఫోను పెట్టెయ్యాలి. ఆ తరువాత మోడెం గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు కాసేపు గీపెట్టేది. ఆ గోల తలుచుకుంటే సుబ్బరాజుకు ఇవాళ్టికీ ప్రాణం లేచొస్తుంది. ఎర్ర ఇటుకల ఇల్లు, కిటికీ అవతల చినుకులు, టీవీ తెర మీద ఒక్కొక్క పేజీగా తిరిగే స్కోర్లు, చేతిలో ఫిల్టరు కాఫీ. అంత సుఖం మళ్ళీ దొరకలేదంటాడు. నిజానికి ఆ చలికి ముక్కు కారుతూనే ఉండేది కానీ, జ్ఞాపకాల్లో ముక్కులు కారవు.

అతని పని కాస్త చిత్రమైనది. సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు పోయాక సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాడు. శనివారం ఏ గుర్రం గెలుస్తుందో, ఏ టీము ఓడుతుందో ముందే చెప్తాం, ఫీజు కట్టండి అనే జోస్యరాయుళ్ళు ఆ దేశంలో కోకొల్లలు. వాళ్ళు చెప్పినవాటిలో ఎన్ని నిజమయ్యాయి, ఎన్ని తుస్సుమన్నాయి అని తేల్చి నలుగురూ చదువుకునేలా సమీక్ష రాయడం సుబ్బరాజు వృత్తి. తను మాత్రం జన్మలో ఒక్క పందెం కాయలేదు. భీమవరం మనిషి పందెం కాయలేదంటే ఎవరూ నమ్మరు కానీ, అది నిజం. "కాస్త మంచిగా రాయండి, మీ సంగతి మేం చూసుకుంటాం" అని వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే సాగనంపాడు. ఇల్లు భార్య రత్నకుమారి హాస్పిటల్ ఉద్యోగంతో నడిచేది. సుబ్బరాజుకు ఉన్న ఆస్తల్లా అబద్ధం రాయడన్న పేరొక్కటే.

ఆ శనివారం ఉదయం అతని ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం రేసులు మొదలయ్యేలోగా ఒక సమీక్ష పూర్తి చెయ్యాలి, అంతే. ఇంతలో తలుపు చప్పుడైంది. మర్నాడు వస్తానన్న రత్నకుమారి పిన్ని వెంకటరమణమ్మగారు ఆ రోజే కొడుకు భానుప్రకాష్ కారులోంచి దిగారు. కొడుకు ఉద్యోగం చేసే ఊరు చూద్దామని తణుకు నుంచి వచ్చారావిడ. ఆవిడ భర్త పేకాట క్లబ్బులో పొలమంతా హారతి కర్పూరం చేసి పోయాడు. అప్పట్నుంచీ ఆవిడ ముందు పందెం అన్న మాట ఎవరూ ఎత్తరు. సుబ్బరాజుది "ఏదో కంప్యూటర్ పని" అంటూ రత్నకుమారి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

రత్నకుమారి కాఫీ కలిపేలోగా పిన్నిగారు తిన్నగా కంప్యూటరు ముందుకొచ్చి కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఇవేంటల్లుడుగారూ? పేరు, వయసు, బరువు, తండ్రి పేరు, తల్లి పేరు... పాత చరిత్రంతా ఉందే!"

అవి ఆ మధ్యాహ్నం పరిగెత్తబోయే గుర్రాల వివరాలు. సుబ్బరాజు నోరు తెరిచేలోగా వంటింట్లోంచి రత్నకుమారి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"జాతకాలు పిన్నీ! ఈయన జాతకాలు చూస్తారు."

"ఇన్నాళ్ళూ చెప్పవేమే? మరి బరువెందుకూ?"

"ఈ దేశంలో అది కూడా చూస్తారు పిన్నీ."

"ఈ పిల్లకి మూడేళ్ళేగా! అప్పుడే తొందరేంటి?"

"ఇక్కడివాళ్ళు ముందుగానే చూపించుకుంటారు."

సుబ్బరాజు భార్య వంక గుడ్లురిమి చూశాడు. ఆవిడ అంతకంటే పెద్దగా ఉరిమింది. అతను తలొంచుకుని కాఫీ తాగాడు.

పిన్నిగారి నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటర్నెట్టు ఆపించి మరీ, రత్నకుమారికి తెలిసిన తెలుగు ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. సాయంత్రానికల్లా వెనక వీధి పుష్పలీల వచ్చి కూర్చుంది. ఆమెది కరీంనగర్.

"అన్నా, మా ఆయనకు సోమారం డ్రైవింగ్ టెస్ట్ ఉన్నది. పాసైతడో లేదో జర చూసి చెప్పున్రి."

ఎదురుగా పిన్నిగారు, పక్కన రత్నకుమారి. తప్పించుకునే దారి లేదు. సుబ్బరాజు తనకు తెలిసిన విద్యే ప్రయోగించాడు.

"ఇంతకుముందు ఎన్నిసార్లు వెళ్ళారమ్మా?"

"నాలుగుసార్లు. అన్నిసార్లు రౌండబౌట్ కాడనే పోయింది."

"మధ్యలో ఏమైనా ప్రాక్టీసు చేశారా?"

"యాడ చేసిండు? సోఫల కూసొని క్రికెట్ చూసిండు."

"అయితే ఈసారీ కష్టమేనమ్మా."

సోమవారం పుష్పలీల భర్త హన్మంతు అదే రౌండబౌట్ కూడలి దగ్గర ఫెయిలయ్యాడు. "అన్నకు నాల్క మీద మచ్చున్నది" అని పుష్పలీల ఊరంతా చాటింది. ఇక చూసుకోండి. నాటింగ్‌హామ్ నుంచి ఇల్లు కొనొచ్చా అని ఒకరు, బెల్‌ఫాస్ట్ నుంచి వీసా వస్తుందా అని ఇంకొకరు. ఫోను ఖాళీ అయితే కదా ఇంటర్నెట్టు తెరవడానికి! శనివారం రేసులు అయిపోయాయి, గెలిచిన గుర్రాలు గడ్డి మేస్తున్నాయి, సుబ్బరాజు సమీక్ష మాత్రం సగంలోనే ఉంది.

అసలు ముప్పు గురువారం వచ్చింది. భానుప్రకాష్ తన ఆఫీసులో పనిచేసే కిరణ్మయిని పెళ్ళి చేసుకోవాలనుకున్నాడు. హైదరాబాదు పిల్ల, బుద్ధిమంతురాలు. కానీ తణుకు సిద్ధాంతిగారు జాతకాలు కలవలేదని, చేస్తే పిల్లవాడికి గండమని తేల్చేశారు. పిన్నిగారు సంబంధం వద్దనేశారు. ఇప్పుడు ఇంట్లోనే ఇంతటి జ్యోతిష్కుడు ఉన్నాడని తెలిశాక, ఆఖరిసారి అల్లుడిగారి మాట వింటానని, ఆ మాటే ఖాయమని కబురు పెట్టారు.

వెంటనే భానుప్రకాష్ ఫోను చేశాడు. "బావా, నీకు దండం పెడతా. దివ్యంగా కుదిరిందని ఒక్క మాట అను, చాలు. కిరణ్మయి వాళ్ళింట్లో ఇంక ఆగేలా లేరు."

"నాకు తెలియని విషయం ఎలా చెప్పనురా?"

"ఒక్క అబద్ధమాడితే మీ సొమ్మేం పోయింది?" అంది రత్నకుమారి పక్కనుంచి.

"నువ్వాడినవి చాల్లేదా?"

అన్నాడే కానీ, సుబ్బరాజు ఇరుకున పడ్డాడు. కుదిరిందంటే తన మాటకు ఇక విలువ లేదు. తెలియదంటే ఆ పిల్లల పెళ్ళి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆదివారం అందరూ ముందుగదిలో చేరారు. పిన్నిగారు ఇత్తడి పళ్ళెంలో రెండు జాతకాలూ పెట్టి, పక్కన పసుపు కుంకుమలుంచారు. సోఫాకు ఈ చివర భానుప్రకాష్, ఆ చివర కిరణ్మయి. సుబ్బరాజు ఆ గళ్ళ వంక చూశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. పాత అలవాటు నోట్లోంచి తన్నుకొచ్చింది.

"అత్తయ్యగారూ, ఈ సిద్ధాంతిగారు ఇదివరకు ఏమేం చెప్పారు?"

"అబ్బో, చాలా చెప్పారు. మా భాను డాక్టరవుతాడన్నారు."

అందరూ సాఫ్ట్‌వేర్ భాను వంక చూశారు.

"ఇంకా?"

"దసరాకి నా మోకాళ్ళ నొప్పులు పోతాయన్నారు."

"పోయాయా?"

"ఏ దసరాకో చెప్పలేదు బాబూ."

"ఒక్కటైనా నిజమైందా?"

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "ఎందుక్కాలేదు? నాకు మగపిల్లాడన్నారు. వీడు పుట్టాడుగా!"

"ఎప్పుడన్నారు?"

"బారసాలకొచ్చినప్పుడు."

కిరణ్మయి నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. పిన్నిగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ గొంతు తగ్గింది. "ఈ అమావాస్య దాటితే మీ మావయ్యగారికి ముక్కలు కలిసొస్తాయన్నారు. ప్రతి అమావాస్యకీ అదే మాట. ఆయన నమ్మారు."

ఇక సుబ్బరాజు వల్ల కాలేదు. "అత్తయ్యగారూ, నన్ను క్షమించండి. నాకు జాతకాలు రావు. ఆ రోజు మీరు చూసినవి గుర్రాలు. పందాల మీద జోస్యం చెప్పేవాళ్ళు ఎంత నిజం చెప్తున్నారో చూసి రాసే పని నాది."

రత్నకుమారి కొంగుతో ముఖం కప్పుకుంది. భానుప్రకాష్ కళ్ళు మూసుకున్నాడు. పిన్నిగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"మీరు కాస్తారా?"

"లేదండీ. ఎప్పుడూ కాయలేదు."

"వాడు చెప్పింది జరక్కపోతే, జరగలేదని ఊరందరికీ చెప్తారా?"

"అదేనండీ నా పని."

ఇల్లు పీకి పందిరేస్తారని అందరూ బిగుసుకుని ఉంటే, ఆవిడ కళ్ళు ఒత్తుకున్నారు. "ఆ క్లబ్బులో రేపు తప్పకుండా వస్తుందన్నవాళ్ళే కానీ, నిన్న రాలేదు కదా అని గుర్తుచేసినవాడు ఒక్కడు లేడు నాయనా. ఒక్కడుంటే మాకీ గతి పట్టేదా?"

తన పనికి అంత మర్యాద సుబ్బరాజు అంతకుముందు ఎరగడు. భార్యే చెప్పుకోలేని పని అది. పిన్నిగారు లేచి, పళ్ళెంలోని కుంకుమ తీసి, "ఇలా రా తల్లీ" అంటూ కిరణ్మయి నుదుట పెట్టారు.

ఇప్పుడు పిన్నిగారు లేరు, ఆ వెబ్‌సైటూ లేదు. ఆ ముందుగదిలో ఎవరుంటున్నారో తెలియదు. భానుప్రకాష్ పిల్లలు ఇంటికొచ్చి ఇంగ్లీషులో అల్లరి చేస్తుంటే, ఆ ఆదివారం గుర్తొచ్చి సుబ్బరాజుకు కళ్ళు చెమరుస్తాయి. ఎన్ని సమీక్షలు రాసినా, మనిషి మారడం చూసింది అదొక్కసారేనని అతని నమ్మకం.

ఆ ఆదివారం సాయంత్రమే పిన్నిగారు ఫోన్ కార్డు గీకి, పెళ్ళికి మంచి ముహూర్తం పెట్టమని తణుకు సిద్ధాంతిగారికి ఫోను చేశారు.