కళ్ళు తెరిస్తేనే వినపడుద్ది

చెవుడు జబ్బు కాదు, ప్రమోషన్! నమ్మరా? చీమకుర్తి వచ్చి దానయ్యను చూడండి.

దేవుడు కంటికి రెప్ప ఇచ్చాడు. చెవిని మాత్రం బార్లా తెరిచి వదిలేశాడు. దారిన పోయే ప్రతి చప్పుడూ వచ్చి కర్ణభేరిని కొట్టడం, వెనక మూడు బుల్లి ఎముకలు ఊగడం, నత్తగుల్లలాంటి గదిలో నీరు కదలడం, అక్కడ వెంట్రుకల్లాంటి వేల కణాలు వణికి మెదడుకు కబురు పంపడం... ఎంత చాకిరీ! ఆ కణాలు ఒకసారి చచ్చాయంటే మళ్ళీ పుట్టవు. అంటే శాశ్వత రిటైర్మెంట్. ఇంతటి సదుపాయం గ్రానైట్ యూనిట్లు తప్ప ఇంకెవరిస్తారు చెప్పండి?

దానయ్య ఇరవై రెండేళ్ళుగా రాయి కోసే మెషీన్ మీద ఉన్నాడు. మొదట పిచ్చుకలు పోయాయి. తర్వాత సైకిల్ బెల్లు. ఆపైన చర్చిలో ఆడవాళ్ళ పాట. భార్య రెబ్కా సణుగుడు కూడా పోయాక ఆ ఇంట్లో గొడవన్నదే లేదు. ఏ ఫ్యామిలీ కౌన్సెలింగ్ సాధించింది ఈ ఘనత?

పైగా యాజమాన్యం ఏటా చెవి పరీక్ష చేయిస్తుంది. హెడ్‌ఫోన్లు తగిలించి, టెక్నీషియన్ మాలిక్ ఎదురుగా కూర్చుని బటన్ నొక్కుతాడు. కూత వినపడితే చెయ్యెత్తాలి. దానయ్య మాలిక్ బొటనవేలు చూస్తూ ఎత్తుతాడు. ఏటా ఫస్ట్ క్లాస్! ఫెయిలైతే పని పోతుందని భయం మరి. యూనిట్లో అందరూ పాసయ్యేది ఈ పద్ధతిలోనే.

పోయిన నెల రివర్స్‌లో వస్తున్న లారీ హారన్ దానయ్యకు వినపడలేదు. పక్కవాడు కాలర్ పట్టి లాగబట్టి బతికాడు. ఆ రోజు రెబ్కా అతని ఎదుట నిలబడి, పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పింది.

"ఈసారి ఆ వేలు చూడమాక. నిజం చెప్పు. ఊడ్చే పనైనా ఇస్తారు. నువ్వుంటే చాలు నాకు."

దానయ్య మాట తప్పలేదు. ఈ ఏడు హెడ్‌ఫోన్లు పెట్టగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఏ కూతా లేదు. చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. చాలా ఏళ్ళకు గుండె తేలికపడింది.

ఎవరో భుజం కుదిపితే కళ్ళు తెరిచాడు. మాలిక్.

"ఏంది బాబాయ్, చూడకపోతే ఎట్టా వినపడుద్ది?"

దానయ్య తన చెవులు చూపించి, లేదన్నట్టు తలూపాడు. మధ్యాహ్నంలోగా ఇంకా ముప్ఫై మందిని చూడాల్సిన మాలిక్ ఫారం నింపేశాడు: వినికిడి భేష్. పరీక్షలో నిద్రపోయాడు.

సాయంత్రం మేనేజర్ మెషీన్ దగ్గరికే వచ్చి, డ్యూటీలో నిద్రపోయినందుకు మెమో చదివాడు. బ్లేడు తిరుగుతూనే ఉంది. దానయ్య పెదాల కోసం చూశాడు. వాటికి కాగితం అడ్డంగా ఉంది. నిజం చెప్పినందుకు వేరే పని ఇచ్చారన్నమాట, అనుకున్నాడు!

కళ్ళ నిండా నీళ్ళతో రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.