ఇరవై నాలుగు గంటల్లో హాజరుపరచవలెను

ఆ శుక్రవారం ఉదయం హుస్సేన్ పీరా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి చాయ్ తాగాలి. ఎనిమిదిన్నరకు భార్య జైతున్‌బీకి కేసెట్టు నింపాలి. తొమ్మిదింటికి ఇంకో కేసెట్టులో క్రిమినల్ ప్రొసీజర్ పాఠం నింపాలి. గదిలో తనతో ఉండే మద్దిలేటి పదింటికి సెలవుమీద ఊరికి బయలుదేరేలోగా మొదటి కేసెట్టు అతని చేతిలో పెట్టాలి. ఇంత చిన్న పథకంలో పొరపాటుకు చోటెక్కడుందని మీరు అడగవచ్చు. రెండు కేసెట్లూ ఒకే రంగువనీ, రెండింటిమీదా పేరు రాయలేదనీ మాత్రం ముందే మనవి చేస్తున్నాను.

ఇది పంతొమ్మిది వందల ఎనభై మూడు నాటి సంగతి. అప్పట్లో కువైట్‌లో ఉండే రాయచోటివాళ్ళు ఉత్తరాలు రాసేది తక్కువ. టేప్ రికార్డరు ముందు కూర్చుని అరగంట మాట్లాడి, ఆ కేసెట్టును ఊరికి పోయేవాళ్ళ చేత పంపించేవారు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి వినేవారు. పెళ్ళానికి మాత్రమే చెప్పుకోవలసిన మాటలు రెండో వైపు ఉండేవి. రెండో వైపు తిప్పేటప్పుడు అత్తగారు తనంతట తానే లేచి పక్కింటికి వెళ్ళాలన్నది ఏ పుస్తకంలోనూ లేని చట్టం.

హుస్సేన్ పీరా కువైట్‌లో అల్ రాయ్ అనే పేటలో కార్ల విడిభాగాల గోడౌనులో స్టోర్ కీపరు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని లా చదువుతున్నాడు. ఇల్లు చూసి రెండేళ్ళయింది. ఏప్రిల్‌లో రెండు నెలలు సెలవిస్తానని అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అబూ సాలెం మాట ఇచ్చాడు. పాస్‌పోర్టు మాత్రం ఆయన బీరువాలోనే ఉంది. మే నెలలో పరీక్ష కూడా కడపలోనే. ఆ సెలవు తప్పిందంటే పరీక్ష ఒక ఏడాది వెనక్కి పోతుంది. పరీక్ష పోతే పోనీ, జైతున్‌బీ మొహం చూడకుండా ఇంకో ఏడాది అన్న ఆలోచన వస్తేనే అతనికి ముద్ద మింగుడు పడేది కాదు.

చదివితే అతనికి గుర్తుండదు, వింటే గుర్తుంటుంది. అందుకని పాఠాన్ని నాటకంగా ఆడి కేసెట్టులో నింపుకునేవాడు. ముద్దాయి తనే. ఎస్సై వేషం అబ్బాసియా పేటలో అతనితోపాటు అదే గదిలో ఉండే డ్రైవరు నాగేశ్వరది. నాగేశ్వర మెల్లగా మాట్లాడినా వీధి చివర వినిపిస్తుంది. గదిలో మూడోవాడైన మద్దిలేటి ఒక మూలన కూర్చుని అట్టపెట్టెకు తాడు బిగించుకుంటున్నాడు.

"నీ పేరేంది?" అని గద్దించాడు నాగేశ్వర.

"హుస్సేన్ పీరా, సార్."

"నిన్ను అరెస్టు చేస్తాండాం. నడువ్."

"ఎందుకో చెప్పల్ల సార్. యాబయ్యో సెక్షను."

"బ్రేకు షూలు దొంగిలించినావంట."

దొంగిలించడానికి అంతకన్నా మంచి వస్తువు హుస్సేన్ పీరాకు తట్టలేదు. పొద్దస్తమానం అతను చూసేవి అవే.

"ఇరవై నాలుగ్గంటల్లో నన్ను మేజిస్ట్రేటు ముందర హాజరుపరచల్ల. యాబై ఏడో సెక్షను. నా వకీలుతో మాట్లాడనీయల్ల. నా మింద నేనే సాచ్చెం చెప్పుకునే పని ల్యా."

అక్కడితో పాఠం అయిపోయింది. కానీ నాగేశ్వరకు వేషం తలకెక్కింది. "చెప్తావా, చెప్పవా!" అంటూ చెప్పు తీసి తలగడను ఆరు దెబ్బలు కొట్టాడు. నటనలో తానేమీ తక్కువ తినలేదని, "కొట్టగూడదు సార్! చట్టం ఒప్పుకోదు! అమ్మా!" అని హుస్సేన్ పీరా దెబ్బ దెబ్బకూ అరిచాడు. ఇంతలో కింద టాక్సీ హారన్ కొట్టింది. మద్దిలేటి పెట్టె ఎత్తుకుని లేచాడు. హుస్సేన్ పీరా మంచంమీదున్న రెండు కేసెట్లలో ఒకటి తీసి అతని జేబులో పెట్టి, "భద్రం తమ్ముడూ" అన్నాడు.

అది ఏ కేసెట్టో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అతనికి మాత్రం కాలేదు. పరీక్ష ముందు విందామని మిగిలిన కేసెట్టును పెట్టెలో దాచేశాడు.

రాయచోటిలో జైతున్‌బీ తన అత్తగారు ఖైరున్‌బీని పక్కన కూర్చోబెట్టుకుని, మద్దిలేటి మనిషి చేత పంపిన కేసెట్టు పెట్టింది. ఆరో దెబ్బకు ఖైరున్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. జైతున్‌బీ ఏడుస్తూ కూర్చోలేదు. బస్సెక్కి మద్దిలేటి ఊరికి వెళ్ళి, "నిజం చెప్పు తమ్ముడూ, మీ పీరన్న ఎట్లుండాడు?" అని అడిగింది. "బ్రమ్మాండంగా ఉండాడు వదినా!" అన్నాడు మద్దిలేటి నవ్వుతూ. ఆమెకు ఉన్న కాస్త ఆశ కూడా అప్పుడే పోయింది. కువైట్ నుంచి వచ్చిన మనిషి చెడ్డ కబురును చెడ్డదిగా చెప్పడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. బ్రహ్మాండంగా అన్నాడంటే పరిస్థితి చాలా దూరం వెళ్ళిందన్నమాట.

ఆమె ఇంటికొచ్చి కేసెట్టు మళ్ళీ పెట్టింది. మళ్ళీ మళ్ళీ పెట్టింది. ఆచూకీ ఏమైనా దొరుకుతుందేమోనని వింటూ పోతే ఆచూకీ దొరకలేదు గానీ, సెక్షన్లన్నీ నోటికి వచ్చేశాయి. మర్నాడు పోస్టాఫీసుకు వెళ్ళి, తను చెబుతూ ఉంటే పోస్టుమాస్టరు చేత ఇంగ్లీషులో టెలిగ్రాం రాయించింది. హుస్సేన్ పీరా ఉత్తరాలన్నీ కంపెనీ పోస్టుబాక్సుకే వస్తాయి కాబట్టి, ఆ టెలిగ్రాం కూడా, మద్దిలేటి బయలుదేరిన పదో రోజున, సోమవారం ఉదయం తొమ్మిదింటికి నేరుగా అబూ సాలెం బల్లమీదికి వచ్చింది.

అబూ సాలెం వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో వ్యాపారం చేసిన మనిషి. హిందీ బాగా మాట్లాడతాడు. హుస్సేన్ పీరాను పిలిచి టెలిగ్రాం హిందీలో చదివి వినిపించాడు. "నా భర్త బ్రేకు షూలు దొంగిలించలేదు. కొట్టడం చట్టవిరుద్ధం. ఇరవై నాలుగు గంటల్లో హాజరుపరచవలెను. జైతున్‌బీ." చదివాక కళ్ళజోడు తీశాడు.

"ఏ బ్రేకు షూలు?" అన్నాడు.

ఇది మద్దిలేటి పని అనుకున్నాడు హుస్సేన్ పీరా. మూలన కూర్చుని నాటకమంతా విన్నాడు కదా, ఊళ్ళో ఏదో వాగి ఉంటాడు. "అది నాటకం అర్బాబ్, ఉత్త నాటకం" అన్నాడు. నాటకానికి రాయచోటి నుంచి టెలిగ్రాం ఎందుకు వచ్చిందో అబూ సాలెంకు అర్థం కాలేదు. జాబితా చేతబట్టి తనే గోడౌనులోకి నడిచాడు. రెండేళ్ళలో ఎన్నడూ సరకు లెక్క చూడని మనిషి ఆనాడు పెట్టె పెట్టెనూ వేలితో తాకి చూశాడు. బ్రేకు షూల దగ్గర ఆగాడు. నాలుగు పెట్టెలు తక్కువ.

ఆ నాలుగు పెట్టెలూ ఎక్కడున్నాయో హుస్సేన్ పీరాకు బాగా తెలుసు. మూడో ర్యాకుకూ గోడకూ మధ్య సందులో ఉన్నాయి. వాటిని అక్కడ పేర్చుకుని, పనివేళల్లో వాటిమీద కూర్చునే అతను లా చదువుతున్నాడు. పనివేళల్లో పత్రిక తిరగేశాడని కిందటేడు ఒక గుమాస్తాను అబూ సాలెం ఇంటికి పంపించేశాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే సెలవు పోతుంది, చెప్పకపోతే దొంగ అవుతాడు. అప్పుడతనికి తను చదువుకున్న హక్కు ఒకటి గుర్తొచ్చింది. తన మీద తాను సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదు.

"పెట్టెలు ఎక్కడ?" అన్నాడు అబూ సాలెం.

హుస్సేన్ పీరా మాట్లాడలేదు.

"నిన్నే అడుగుతున్నాను. ఎక్కడ?"

అతను తల పైకెత్తి, చేతులు కట్టుకుని, హక్కు ఉన్నవాడిలాగే మౌనంగా నిలబడ్డాడు. ముద్దాయి మౌనాన్ని తప్పుగా తీసుకోకూడదని అతని పాఠంలో ఉంది. అబూ సాలెం ఆ పాఠం చదవలేదు. ఆయన గోడౌనుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"రేపు పొద్దున వరకు టైము. నోరు తెరవకపోతే సెలవు ఖలాస్. పోలీసులతో చెప్పుకో."

సాయంత్రం గదిలో నాగేశ్వర తల పట్టుకున్నాడు. "ఎందుకన్నా అట్ల నిలబడినావు? దొంగోడు గూడా ఏదో ఒకటి చెప్తాడే!"

"హక్కబ్బీ, అది."

"హక్కుదేముందిలే, నీ సెలవు పోతాంది! ఆ పాఠం కేసెట్టు ఈడనే ఉంది గదా? రేపు దాన్ని అర్బాబ్‌కు ఇనిపిస్తా. నాటకమేనని తెలిసిపోతాది."

మర్నాడు పొద్దున నాగేశ్వర టేప్ రికార్డరు మోసుకొచ్చి అబూ సాలెం బల్లమీద పెట్టాడు. "అర్బాబ్, దీంట్లో పోలీసు నేనే. ముక్క ముక్కా మీకు హిందీలో చెప్తా" అని బటన్ నొక్కాడు.

"జైతూ..." అంది టేప్ రికార్డరు, చాలా మెత్తగా. "ఇది నీకొక్కదానికే. మాయమ్మను లేసి పొమ్మని చెప్పు."

రాయచోటికి ఏది వెళ్ళిందో పక్కనే నిలబడ్డ హుస్సేన్ పీరాకు అప్పుడు తెలిసింది. ఆపబోతే అబూ సాలెం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమంటున్నాడు?"

"వాళ్ళమ్మను బయటికి పొమ్మంటాండాడు అర్బాబ్," అన్నాడు నాగేశ్వర హిందీలో.

"పోయిన కేసెట్టులో మాట్లాడతా మాట్లాడతా దగ్గినావు," అంది టేప్ రికార్డరు. "ఆ దగ్గు కోసరమే ఆ ముక్క మళ్ళా మళ్ళా తిప్పి ఇంటాండా. నువ్వు నా పక్కనే ఉన్నట్ల ఉంటాది. మందు తాగినావా? ఏప్రిల్లో వచ్చేస్తా. మా అర్బాబ్ మాటిచ్చినాడు. మంచోడే. మద్దేన్నం తినినాక నిద్రపోతాడు. గురక పెట్టినాడంటే గోడౌను రేకులు అదురుతాయి."

"మీరు మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుంటారట అర్బాబ్."

"ఇంత పొడుగు మాటకు అంతేనా? చేత్తో పైకప్పు ఎందుకు చూపించావు?"

నాగేశ్వర చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. టేప్ రికార్డరు ఆగలేదు.

"ఆ టయానికి నేను మూడో ర్యాకు ఎనకాల దూరి, బ్రేకు షూల పెట్టెలు మూడు బల్ల మాదిరి పెట్టుకొని, ఒకదాని మింద కూసోని సదువుకుంటా. ఎందుకో నీకెప్పుడూ చెప్పల్యా. మీ తమ్ముడు బాబ్జాన్‌ను మూడు దినాలు టేషన్లో పెట్టినారే, ఎందుకో ఎవురూ చెప్పకండా. నువ్వు క్యారేజీ పట్టుకొని ఎండలో బయట నిలబడినావంట. ఆ కబురు ఈడ ఇని, గోడకు తల ఆనిచ్చి ఏడ్సినా. ఇంగ నువ్వు అట్ల నిలబడగూడదు జైతూ. నిలబడినా, ఏం అడగల్లో తెలిసి నిలబడల్ల."

నాగేశ్వర ఈసారి ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాడు. అబూ సాలెం లేచి తాళంచెవి తీసుకుని గోడౌనులోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో దుమ్ముపట్టిన క్రిమినల్ ప్రొసీజర్ పుస్తకం ఉంది.

"కూర్చుని చూశాను. ఆ కుర్చీమీద నీ నడుము ఎలా నిలబడిందో తెలియదు," అన్నాడు. పుస్తకం బల్లమీద పెట్టి, "నేను గురక పెడతానా?" అన్నాడు.

నాగేశ్వర అనువాదంలో ఆ మాట లేదు. కానీ బొంబాయిలో పదేళ్ళున్న మనిషికి పైకప్పు చూపించిన ఆ చెయ్యి చాలు. హుస్సేన్ పీరా నోరు విప్పలేదు. హక్కును వాడుకోవలసిన అసలు సమయం ఇదేనని అతనికి తోచింది. అబూ సాలెం మీసంలో నవ్వుకుని బీరువా తెరిచాడు.

"నీ భార్య మంచి వకీలు. అలాంటి ఆమెతో నేను పెట్టుకోను. ఇరవై నాలుగు గంటల్లో హాజరుపరచమంది. ఇరవై మూడు అయిపోయాయి." పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టాడు. "ఏప్రిల్ లేదు ఏమీ లేదు. ఇవాళే పో. కానీ రాయచోటి మూడు రోజుల దారి కదా, గడువు దాటిపోతుందే!"

"ప్రయాణం టైము లెక్కలోకి రాదు అర్బాబ్," అన్నాడు హుస్సేన్ పీరా. "యాభై ఏడో సెక్షను."

"యల్లా, ఇంక బయలుదేరు!" అన్నాడు అబూ సాలెం.

నాలుగో రోజు రాయచోటిలో జైతున్‌బీ అతన్ని గడపలోనే నిలబెట్టి, చొక్కా విప్పించి, వీపు మీద ఆరు దెబ్బల కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. అప్పుడు ఏడ్చింది, టెలిగ్రాం రాయించిన రోజున ఏడవనిదంతా కలిపి. ఖైరున్‌బీ కొడుకు తల నిమిరి, ఎవరూ చెప్పకుండానే లేచి పక్కింటికి వెళ్ళిపోయింది.

మే నెలలో రాసిన క్రిమినల్ ప్రొసీజర్ పరీక్షలో హుస్సేన్ పీరాకు పాసుకు నాలుగు తక్కువగా ముప్ఫై ఒక్క మార్కులు వచ్చాయి. కేసెట్టు నలభైసార్లు విన్న జైతున్‌బీ పరీక్షకు ఫీజు కట్టలేదు గనుక ఆమెకెన్ని వచ్చేవో తెలియదు.