అధికారిగారి అట్టతల

ఆ ఉదయం గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరేగింపు మొదలయ్యేలోగా అక్క ఇంటికి వెళ్లాలి, తలకాయ ఎత్తుకురావాలి, ఆఫీసు సామాన్ల గదిలో పడేసి తాళం వేయాలి. అంతే. అయినా కంగారులో చొక్కా బొత్తాలు పైది కిందికీ, కిందిది పైకీ పెట్టుకున్నాడు.

తలకాయ నీటి సరఫరా అధికారిది. అసలుది కాదు, అట్టది. ఏటా వేషాలు కట్టి వీధులన్నీ తిరిగే ఊరేగింపులో ఎవరినైనా వెక్కిరించవచ్చు, వెక్కిరింపుకు గురైనవాళ్లు కిక్కురుమనకూడదు. ఈసారి కొత్త గొట్టాలు వేసి కూడా, ప్రారంభోత్సవానికి పెద్దల తేదీ కుదరలేదని వాల్వు తిప్పలేదు. అందుకని బట్టలు కుట్టే అక్క, ఆమె వీధివాళ్లూ కలిసి వెదురుబద్దల మీద కాగితాలు అంటించి, ఉబ్బిన బుగ్గలు, మీసం, జారిన కళ్లద్దాలతో అధికారిని అచ్చు గుద్దినట్టు దించేశారు.

సంగతి ఆయన చెవిన పడింది. "నా తలకాయ వీధిలో కనబడిందంటే నీ పర్మనెంటు సంగతి మర్చిపో. చేసింది మీ అక్కేగా!" అన్నాడు. గుమస్తాది తాత్కాలిక ఉద్యోగం. ఇంట్లో డిగ్రీ చదివినవాడు అతనొక్కడే. రాని పర్మనెంటు గురించి అమ్మ చుట్టాలందరికీ అప్పుడే చెప్పేసింది కూడా.

అక్క వేషం కట్టుకోవడానికి పక్కింటికి వెళ్లిన అదను చూసి లోపలికి దూరాడు. తలకాయ చేతులకు పట్టలేదు. ఎత్తుకుంటే దారి కనబడలేదు. తొడుక్కుంటే మాత్రం కళ్లద్దాల కంతల్లోంచి అన్నీ కనబడ్డాయి. సందు చివరిదాకానే కదా అనుకుని భుజాల మీదికి దించుకున్నాడు. వెనకాల కొక్కెం టక్కున పడింది. ఎంత మెలికలు తిరిగినా చేయి దానికి అందలేదు.

సందు మలుపులో ఊరేగింపు ఎదురొచ్చింది.

"వచ్చాడ్రోయ్ పెద్దాయన!"

ఖాళీ బకెట్లు దడదడలాడాయి. నలుగురు పట్టుకుని బండెక్కించేశారు. కొక్కెం విప్పమందామంటే ముఖం బయటపడుతుంది, ఊరుకుందామంటే తల వీధులన్నీ తిరుగుతోంది.

"అయ్యా, నీళ్లెప్పుడొస్తాయి?" అని ఒక ముసలామె అరిచింది.

కంగారుపడితే గుమస్తా నోట ఆఫీసు మాటలే వస్తాయి. అట్టతలలోంచి అవి గంభీరంగా మోగాయి. "మీ అర్జీ పరిశీలనలో ఉందమ్మా."

వీధి వీధంతా పగలబడి నవ్వింది.

"మా పిల్లలకి స్నానాలు లేవండీ!"

"స్నానాలు మా విభాగం కిందికి రావు. రేపు వచ్చి కనుక్కోండి."

"రేపు మీరుంటారా?"

"ఉండం."

నిజంగానే ఎప్పుడు వెళ్లినా ఉండరు. జనం కడుపులు పట్టుకున్నారు. బండి ముందు నడుస్తున్న అక్క వెనక్కి తిరిగి, "ఎవడివిరా నాయనా, ఎక్కడ నేర్చావు ఈ విద్య?" అంది. తమ్ముడు అట్టతలను ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

అంతలో అసలు అధికారి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఆపండి! అధికారిని నేను!"

"అబ్బో, రెండో వేషం కూడా ఉందే!" అని చప్పట్లు కొట్టారు.

"మీసం కుదర్లేదు," అన్నాడు జనంలోంచి ఒక మంగలి.

అక్క ఆయన్ని గుర్తుపట్టింది. గుర్తుపట్టే అడిగింది. "అసలాయనవైతే నీళ్లు వదిలించు, చూద్దాం."

"ఇప్పుడే వదిలిస్తా!"

"ఇప్పుడేనట! ఆయన జన్మలో ఆ మాట అన్నాడా? పోవయ్యా, వేషం కట్టేముందు కాస్త నేర్చుకు రావాలి."

ఈలలు మోగాయి. అధికారి ముఖం కందగడ్డ అయింది. ఫోన్ తీసి పంపుల దగ్గరి మనిషిని వాల్వు తిప్పమన్నాడు.

"ఎవరండీ మాట్లాడేది? మా సారు ఇలాంటివి చెప్పరే?"

అధికారి ఊపిరి తీసుకోకుండా తిట్టాడు.

"ఆఁ, సారే!" అన్నాడు అవతలివాడు.

వీధి కుళాయి దగ్గింది, బుసకొట్టింది, తుప్పునీళ్లు కక్కింది, ఆపైన ధార కట్టింది. ఊరేగింపు కాస్తా బకెట్ల వరుసైపోయింది. ఆ తోపులాటలో గుమస్తా బండి దూకి అక్క ఇంటి పెరట్లోకి పరుగెత్తాడు. వెనకే వచ్చి కొక్కెం విప్పిన అక్క, "ఓరి నీ! నువ్వట్రా!" అని అక్కడే చతికిలబడి నవ్వింది.

మధ్యాహ్నం అధికారి పిలిచాడు. "తలకాయ వీధిలో కనబడింది. కాబట్టి పర్మనెంటు పోస్టు నీకు లేదు."

గుమస్తా తల వంచుకున్నాడు.

"అది ఆ తలకాయలో ఉన్నాయనకి ఇస్తున్నాను. ఎక్కడున్నా వెతికి పట్టుకురా."

"సార్?"

"జనం ఎందుకు నవ్వారో నాకర్థం కాలేదు. ఒక్క జవాబులోనైనా తప్పుందా? మన ఆఫీసులో ఎవరున్నారయ్యా అలా చెప్పగలిగినవాళ్లు?"

"సార్... అది నేనే సార్."

అధికారి జాలిగా చూశాడు. "ఉద్యోగం కోసం ఎంతకైనా తెగిస్తారయ్యా మీరు. నీది పీలగొంతు. ఆయనది ఎంత గంభీరంగా ఉందనుకున్నావ్!"

మర్నాడు పొద్దున అక్కే స్వయంగా తల తొడిగి, కొక్కెం బిగించి తమ్ముణ్ణి ఇంటర్వ్యూకు పంపింది. మొదటి జవాబుకే అధికారి ముగ్ధుడై సంతకం పెట్టేశాడు.

గుర్తింపు కార్డు ఫొటోలో గుమస్తాకు మీసం బాగా కుదిరింది.