ఒకే మనిషికి కుదరని రెండు కోడ్లు

మంగళవారం ఉదయం పదకొండు ఇరవైకి కాకినాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పలివెల ధర్మారావు ఇద్దరయ్యారు.

ఆయనకు పదకొండేళ్లుగా షుగర్ వ్యాధి ఉంది. ముందురోజు రక్తంలో షుగర్ పడిపోయి బస్టాండులో కూలబడ్డారు. మూడో అంతస్తులో రోగాలకు కోడ్ నంబర్లు వేసే రిజ్వానా ఈ రెండింటినీ విడివిడిగా నమోదు చేసింది. ఆ రెండు కోడ్లు ఒకే మనిషికి వేయకూడదని నిబంధన. కంప్యూటర్ నిబంధన పాటించింది. వార్డులో పక్కమంచం ఖాళీగానే ఉంది.

ఒక ధర్మారావుకు షుగర్ ఎక్కువ, ఇంకో ధర్మారావుకు తక్కువ. నర్సు ఒకరికి ఇన్సులిన్, ఒకరికి గ్లూకోజు ఇచ్చి రెండుచోట్లా సంతకం చేసింది.

"నా కాజా నువ్వెలా తింటావురా?" అన్నారు షుగర్ ఎక్కువున్నాయన.

"నాకు తీపి పెట్టమని రాశారు. నీకు రాగిజావ రాశారు. తాగు," అన్నారు రెండో ఆయన. పదకొండేళ్ల తర్వాత తింటున్న కాజా అది. పాకం మోచేతి దాకా కారింది.

భార్య సత్యవేణి బట్టల షాపులో సేల్స్ పని చేస్తారు. క్యారియర్‌తో వార్డులోకి వచ్చి "ఏవండీ" అన్నారు. ఇద్దరు పలికారు. ఆవిడ క్యారియర్ అక్కడే పెట్టి మూడో అంతస్తు ఎక్కారు.

"నేను చేర్పించింది ఒక్కర్నే కదమ్మా. ఒక్కర్నే ఇచ్చెయ్యండి. ఇద్దరికి వండి, ఇద్దరి బట్టలుతికి, డ్యూటీకెప్పుడెళ్లను?"

రెండింటినీ కలిపే కోడ్ ఒకటుందని రిజ్వానా చెప్పింది. షుగర్ వ్యాధి వల్లే షుగర్ పడిపోయిందని డాక్టరు రాయాలి. డాక్టరు సెలవులో ఉన్నారు.

"నువ్వే రాసెయ్యమ్మా."

"రాయనిది మేం ఊహించకూడదండీ."

"పోనీ ఆ నిబంధన మార్చెయ్యండి."

"దానికి ఈ కోడ్లు తయారుచేసిన విదేశం వాళ్లు ఒప్పుకోవాలండీ. మనిషినైతే ఇక్కడే మార్చేస్తాం."

గురువారం డాక్టరు వచ్చి ఇద్దరినీ పరీక్షించారు. షుగర్ ఎక్కువున్నాయనకు అది ఎప్పుడూ పడిపోలేదు. తక్కువున్నాయనకు షుగర్ వ్యాధే లేదు.

"దేనివల్ల ఏమైందని రాయమంటావు?" అని డాక్టరు రిజ్వానాను అడిగారు. డాక్టరుకు జవాబు అందించడం కూడా నిబంధనలకు విరుద్ధం.

ఇద్దరినీ డిశ్చార్జి చేశారు. స్కూటీ సత్యవేణి నడిపారు. వెనక కాజా పొట్లం ఎవరు పట్టుకోవాలన్న దానిపై ఇద్దరూ గేటు దాకా పోట్లాడుకున్నారు.

శుక్రవారం సత్యవేణి మళ్లీ మూడో అంతస్తుకు వచ్చారు.

"షాపుకెళ్లే మనిషీ, ఇంట్లో వండే మనిషీ ఒక్కరై ఉండకూడదని నిబంధనేమైనా ఉందేమో చూడమ్మా."

రిజ్వానా నిబంధనలన్నీ వెతికింది.

"లేదండీ. ఆ రెండూ ఒక్కరికే వెయ్యొచ్చు."

సత్యవేణి షాపుకు వెళ్లారు. సాయంత్రం ముగ్గురికి వంట చేశారు.